గడ్డి సంగతి, నాయన సంగతి

ఈ ఉదయం పక్కింటి పాప అరుగు మీద కూర్చొని "హుర్రే! మనం గెలిచాం" అనే ఇంగ్లీషు వాక్యాన్ని సరుకుల పట్టీ చదివినట్టు చదువుతుంటే, మా నరసింహయ్య మేష్టరు వింటే ఊరుకునేవారా అనుకున్నాను. మైసూరు మహారాజుల కాలంలో, వారి రాజ్యంలోని తెలుగు ఊరు పావగడలో, ఆయన మిడిల్ స్కూల్లో మాకు ఇంగ్లీషు చెప్పేవారు. ఒకరు ఉద్వేగంతో అరిచిన మాటను 'ఫలానావారు ఇలా అన్నారు' అని మార్చి రాసేటప్పుడు, ఆ అరుపు తీసేసి, అందులోని మనసుకు పేరు పెట్టాలి. ఆయన తరగతిలో ఒకడు గది బయట నిలబడి అరవాలి. ఇంకొకడు వెళ్లి వాడి ముఖం చూసి వచ్చాకే పలక పట్టాలి. నేను మాత్రం చూడకుండానే రాసేసేవాణ్ణి. 'అయ్యో' ఉంటే దుఃఖం, 'ఆహా' ఉంటే సంతోషం. "నీకు ముఖాలతో పనే లేదేందప్పా! పోస్టాపీసు ముద్దర కొట్టినట్టు కొడతాండావు" అని నవ్వేవారు.

వానలు తప్పిన ఏడు, పరీక్షకు కొన్ని నెలల ముందు, మా నాయన మా ఊరు నిడుగల్లు నుంచి నడిచి బడికి వచ్చాడు. "అయ్యో అయ్యవారూ! ఊర్లో గడ్డిపోస లేదు. గొర్రెల్ని పడమటికి తోలుకొని పోవాల. నాకు తోడు వీడు తప్ప ఎవురుండారు!" అన్నాడు. అన్ని రోజులు రాకపోతే హాజరు పట్టీలో నా పేరు కొట్టేస్తారు. ఇక పరీక్షా ఉండదు, చదువూ ఉండదు. హెడ్‌మాస్టరుగారిది మైసూరు, తెలుగు రాదు. "మీ నాయన మాట ఇంగ్లీషులో రాయి, ఆయనకిస్తాం" అన్నారు మేష్టరు.

గడ్డి లేదని మా నాయన దుఃఖంతో అన్నాడని రాశాను. మేష్టరు చదివి కాగితం వెనక్కి ఇచ్చారు. "ఇది గడ్డి సంగతి. మీ నాయన సంగతి యాడ? పోయి చూసి రా."

నాయన వాకిట్లో రుమాలు చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. నా చేతిలోని పుస్తకం చూసి తల తిప్పుకున్నాడు. తిరిగొచ్చి, "సిగ్గు, సార్. నన్ను బడి మాన్పిస్తాండానని" అన్నాను.

"ఆఁ, ఇప్పుడు రాయి."

హెడ్‌మాస్టరుగారు ఆ వాక్యం దగ్గర ఆగి, కిటికీలోంచి నాయనను కాసేపు చూసి, పేరు ఉంచమన్నారు. పుస్తకాలు గొర్రెల వెంట నాతోనే తిరిగాయి. పరీక్ష పాసయ్యాను. తాలూకా కచేరీలో గుమాస్తానై, ఎందరెందరివో అర్జీలు రాశాను, ముఖం చూసి.

ఆ ఏడు మొదలుపెట్టిన డైరీలో ఎవరి మాట రాసుకున్నా పక్కన వారి మనసు రాస్తాను. తెలియకపోతే జాగా వదులుతాను. నాయన మాట పక్కన అప్పుడు 'సిగ్గు' అని రాశాను. నేను తండ్రినయ్యాక, తన వల్ల బిడ్డ బతుకు పాడవుతుందేమోనన్న గుబులు తెలిసి, దాని కింద 'భయం' అని చేర్చాను. ఆ రెండోదాన్ని చూసిన చూపు కూడా మేష్టరు ఇచ్చిందే.