లోతు లేదన్న మాట

ఆ ఊళ్ళో కాలేజీ హాలు ఖాళీగా ఉండే సాయంత్రం అరుదు. ఒకరోజు కవి సమ్మేళనం, ఇంకోరోజు బొమ్మల ప్రదర్శన, మరోరోజు ఎవరిదో పుస్తకావిష్కరణ. వీటన్నిటి వెనకా ఉండేది ఒక్క మనిషే. పగలు కాలేజీ గ్రంథాలయంలో ఉద్యోగం, సాయంత్రమైతే సాహిత్య సంఘం కార్యదర్శి. ఊరు ఆమెకు సభక్కయ్య అని పేరు పెట్టేసింది. ఇంట్లోవాళ్ళు పిలిచే పేరు ఇంట్లోనే ఉండిపోయింది.

పేరుకు తగ్గ మనిషే. సగంలో ఇరుక్కుపోయే తెరను ఏ మూల పట్టి లాగాలో, ఏ పంకా గట్టిగా మోత పెడుతుందో ఆమెకు తెలుసు. వక్త ఎంతకీ ముగించకపోతే తనే వేదికెక్కి మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందు పెట్టి వచ్చేది. గ్లాసు వచ్చిందంటే ఇక చాలించమని అర్థం. తెలిసినవాళ్ళు రెండు ముక్కల్లో ముగించేవారు. తెలియనివాళ్ళు ఆ నీళ్ళు తాగి, కొత్త ఓపికతో మళ్ళీ మొదలుపెట్టేవారు.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. రెండు వీధుల అవతల కళ్ళజోళ్ళ దుకాణం. ఇరుకు గది, గోడకు అక్షరాల బోర్డు, గాజు బల్ల వెనక అద్దాలు అరగదీసే చిన్న యంత్రం. మాట తక్కువ మనిషి. అన్నది మాత్రం ఎదుటివాడు ఇంటికెళ్ళాక తలుచుకుని నవ్వుకునేలా ఉండేది. అలాంటివాడు, ఎవరికీ చెప్పకుండా, దుకాణం కట్టేశాక కూర్చుని ఒక నాటకం రాశాడు.

మొదట చదివి వినిపించింది అక్కకే. ఆమె వంటింట్లో పొయ్యి దగ్గర ఉంటే, గుమ్మానికి ఆనుకుని నిలబడి అన్ని పాత్రలూ తనే అయి చదివాడు. చెవిటి తండ్రి ఉన్న ఇంటి కథ అది. ఒకరోజు తండ్రికి ఉన్నట్టుండి చెవులు వినిపించడం మొదలవుతుంది. ఎవరికీ చెప్పడు. ఆయనకు వినపడదనుకుని ఇంట్లోవాళ్ళు ఆయన ఎదుటే అనే మాటలకూ, ఆయన ఏమీ ఎరగనట్టు పెట్టే మొహానికీ సభక్కయ్య గరిటె పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆఖరి రంగానికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఆ ఇంటి కొడుకు రోజూ తండ్రి మంచం పక్కన కూర్చుని, ఎవరికీ చెప్పుకోలేని భయాలన్నీ చెప్పుకుంటాడు. వినపడదు కదా అన్న ధైర్యం. తనకు వినిపిస్తోందని తెలిస్తే కొడుకు చెప్పడం మానేస్తాడని తండ్రి చెవిటివాడుగానే ఉండిపోతాడు. అక్కడితో అయిపోయింది. పొయ్యి మీద కూర మాడుతున్నా ఆమె అలాగే నిలబడిపోయింది.

"పోటీకి పంపనా అక్కయ్యా?" అని అడిగాడు తమ్ముడు.

"పంపరా," అంది ఆమె. అప్పుడు మనస్ఫూర్తిగానే అంది.

ఆ ఊళ్ళో ఏటా కళల వారం జరిగేది. ఆఖరి రోజున కొత్త రచయిత నాటకం ఒకటి ఆడించేవారు. పోటీకి వచ్చినవాటిలోంచి దాన్ని ఎంచే బాధ్యత ముగ్గురిది. సభక్కయ్య, ఫిజిక్స్ మాస్టారు, నాటకాల పిచ్చి ఉన్న ఒక వకీలు. రాసినవాళ్ళ పేర్లు తీసేసి ఇచ్చేవారు. ముగ్గురూ గ్రంథాలయం వెనక గదిలో కూర్చున్నప్పుడు మాస్టారూ వకీలూ ఒకే మాట మీద ఉన్నారు. ఆ చెవిటి తండ్రి నాటకానికి సాటి వచ్చేది ఇంకోటి లేదన్నారు.

ఆమె గుండె పొంగి ఉండాల్సింది. పొంగలేదు, జారింది. రేపు పేరు బయటపడుతుంది. ఎంచినవాళ్ళలో అక్క ఉంది, గెలిచినవాడు తమ్ముడు. కంచే చేను మేసిందంటారు. కుండకు మూకుడుంటుంది గానీ లోకం నోటికి ఉంటుందా? ఇన్నేళ్ళుగా ఎవరి చేతా వేలెత్తి చూపించుకోని మనిషి తను. ఇది మా తమ్ముడిది, నేను తప్పుకుంటాను, మీరిద్దరే తేల్చండి అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అంటే, పంపే ముందే విన్న సంగతి కూడా చెప్పాలి. ఇన్నాళ్ళూ చెప్పకుండా ఎందుకు కూర్చున్నావని అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడింది.

"నవ్విస్తుంది, కాదనను. కానీ లోతు లేదు," అంది.

మాస్టారు ఆశ్చర్యపోయాడు. వకీలు కాసేపు వాదించాడు. అయితే సభక్కయ్య మాటంటే ఆ గదిలో తీర్పు. చివరికి ఎవరో కుర్రలెక్చరర్ రాసిన, అందరూ ఒకరి తర్వాత ఒకరు చచ్చిపోయే నాటకాన్ని ఎంచారు. దాన్ని ఆడిన రోజున జనం ఓపిగ్గా చూశారు.

తమ్ముడితో ఆమె, ఈసారి పోటీ గట్టిగా ఉందిరా, వచ్చే ఏడు చూద్దాం అని చెప్పింది. అతను తలూపాడు. అంతటితో పోయేదే. కానీ కొన్నాళ్ళకు వకీలు కళ్ళజోడు మార్పించుకోవడానికి దుకాణానికి వెళ్ళాడు. అద్దాలు బిగిస్తున్నంతసేపూ కబుర్లలో పడి, ఆ నాటకం ఎవరిదో తెలుసుకున్నాడు. ఓదార్చబోయి, నాకు ఎంత నచ్చిందో, మీ అక్కగారే లోతు లేదని పట్టుబట్టారు, పాపం మీదని ఆవిడకు తెలిసి ఉండదు అన్నాడు.

తమ్ముడు కళ్ళజోడు తుడిచి ఆయన చేతికిచ్చాడు. ఈ సంగతి వకీలే మర్నాడు ఆమెకు నవ్వుతూ చెప్పాడు. విన్న రోజు ఆమె గ్రంథాలయంలో ఒకే పుస్తకాన్ని మూడు అరల్లో పెట్టి తీసింది.

తమ్ముడు వచ్చి నిలదీస్తాడని ఎదురుచూసింది. అడిగితే ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంది కూడా. అతను అడగలేదు. కోపం పెట్టుకున్నా బాగుండేది. ఎప్పటిలాగే సభలన్నిటికీ వచ్చేవాడు, వెనక వరసలో తలుపు పక్క కుర్చీలో కూర్చునేవాడు, చప్పట్లు కొట్టేవాడు. ఆమె కళ్ళజోడు వదులైతే తనే బిగించి ఇచ్చేవాడు. రాయడం మాత్రం మానేశాడు. వచ్చే ఏడు వచ్చింది, ఆపై ఏడూ వచ్చింది. అడగడానికి ఆమెకు నోరు రాలేదు. ఆమె కూర్చుకున్న మాటలు ఆమె దగ్గరే ఉండి పాతబడిపోయాయి.

ఉద్యోగ విరమణ నాడు సంఘంవాళ్ళు, మీకు నచ్చిన నాటకం చెప్పండి, మీ గౌరవార్థం ఆడిస్తాం అన్నారు. ఆమె సభ నుంచి నేరుగా దుకాణానికి నడిచింది. తమ్ముడు ఒక చిన్నపిల్ల ముక్కు మీద ఫ్రేము సరిచేస్తున్నాడు. ఆ పిల్లా, వాళ్ళమ్మా వెళ్ళేదాకా ఆగి అడిగింది.

"ఆ నాటకం ఇవ్వరా. ఆడిద్దాం."

"లేదక్కయ్యా. ఇల్లు మారినప్పుడు పోయింది."

"మళ్ళీ రాయి."

అతను యంత్రం మీద దుమ్ము తుడుస్తూ అన్నాడు. "నువ్వన్నది నిజమేనేమోనని కొన్నాళ్ళు లోతు కోసం వెతికాను. వెతికేకొద్దీ ఉన్న నవ్వు కూడా పోయింది. ఇప్పుడు రాదు."

అప్పుడు చెప్పింది ఆమె. లోతు ఉందని ఆ రోజే తెలుసని, జనం ఏమంటారోనని భయపడి అలా అన్నానని, ఇన్నేళ్ళూ నోరు పెగల్లేదని.

"ఆలోచిస్తే తెలిసింది," అన్నాడు తమ్ముడు. "నువ్వు వంటింట్లో ఎలా నిలబడిపోయావో చూశాను కదా. ఎప్పుడైనా చెప్తావని చూశాను. తర్వాత చూడటం మానేశాను."

అంతే అన్నాడు. కోపంగా అనలేదు. ఆమెకు కూర్చోమని కుర్చీ లాగాడు. ఆమె కూర్చుంది. అతను మళ్ళీ యంత్రం తుడవసాగాడు.

పదవి వదిలేముందు ఆమె సంఘంలో ఒక నియమం పెట్టించింది. ఎంచేవాళ్ళలో ఎవరి బంధువైనా పోటీలో ఉంటే, ఆ ఎంచే మనిషి గదిలో ఉండకూడదు. ఇంత చిన్న విషయానికి నియమమెందుకమ్మా, మీలాంటివాళ్ళుంటే చాలదా అన్నారు కొత్త సభ్యులు. అయినా ఆమె ఒప్పించేదాకా ఊరుకోలేదు.

తమ్ముడి కూతురు అదే కాలేజీలో చదువుతూ నాటకాల్లో వేసేది. నాన్న ఏదో నాటకం రాశాడట కదత్తా అని ఓ సాయంత్రం వచ్చి పట్టుకుంది. సభక్కయ్య గుర్తున్నంత మేర చెప్పింది. మొదటి రంగం బాగా వచ్చింది, పిల్ల పడీపడీ నవ్వింది. మధ్యలో రెండు రంగాలు ఎంత తడుముకున్నా దొరకలేదు. నోట్లో ఉన్నట్టే ఉండి జారిపోయాయి. ఆఖరున తండ్రి, నాకన్నీ వినిపిస్తున్నాయిరా అని మనసులో అనుకుంటాడని చెప్పి ముగించింది.

మేనకోడలు దుకాణానికి వెళ్ళి అదంతా నాన్న ముందు ఒప్పజెప్పింది. సభక్కయ్య వెనకే వెళ్ళి గుమ్మం దగ్గర ఆగింది. అతను తలెత్తకుండా అద్దం అరగదీస్తూ విన్నాడు. చివరికి వచ్చాక యంత్రం ఆపాడు.

"అలా అనుకోడమ్మా. కొడుకు ఏడుస్తూ చెప్తుంటాడు కదా, అప్పుడు తండ్రి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, కొంచెం గట్టిగా చెప్పరా నాయనా, అంటాడు."

పిల్ల నోరు తెరుచుకుని నిలబడిపోయింది. వంటింట్లో విన్న ఆ మాట సభక్కయ్యకు ఇప్పుడు గుర్తొచ్చింది. మధ్యలో రంగాలేమిటి నాన్నా అని కూతురు మీద మీద పడి అడిగితే, అవి మర్చిపోయానమ్మా అని మళ్ళీ యంత్రం వేశాడు. మర్చిపోలేదని సభక్కయ్యకూ, పిల్లకూ తెలుసు. ఆ తర్వాత మేనకోడలు ఎన్నిసార్లు అడిగినా అతను ఇంకొక్క మాట చెప్పలేదు. సభక్కయ్య మాత్రం మళ్ళీ అడగలేదు.