ఒంటిలైను మీద రెండు కుక్కపిల్లలు

ఆ రోజుల్లో మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టడానికీ పోవడానికీ తప్ప అన్నిటికీ ఒక ఫారం ఉండేది. (పోవడానికి కూడా ఉందని తరవాత తెలిసింది.) క్వార్టరు గోడకి సున్నం కావాలన్నా, కుళాయికి వాషరు కావాలన్నా, సెలవు కావాలన్నా, ఇచ్చిన సెలవు అక్కర్లేదన్నా కాగితం రాయాల్సిందే. విజయనగరం, చీపురుపల్లి వైపునుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మా కుటుంబాలు తెలుగులో సగం మరిచిపోయాయిగాని, ఈ కాగితభక్తిని మాత్రం రెండు తరాల్లో బాగా వంటబట్టించుకున్నాయి. అలాంటి గాలిలో పెరిగి, పైగా టెక్నికల్ స్కూల్లో మూడేళ్ళు చదివి, సన్నగా చెక్కిన పెన్సిలు జేబులో పెట్టుకుని లోకో షెడ్డులో అప్రెంటిసుగా చేరిన ఇరవయ్యేళ్ళవాడు ఎలా ఉంటాడో నేనూ అలాగే ఉండేవాణ్ణి. కనిపించిన ప్రతి వస్తువుకీ నంబరు వెయ్యాలనిపించేది. నా మకాం మా అప్ప (అక్క), బావల క్వార్టర్లో. అప్ప వంటింట్లో డబ్బాలన్నిటికీ నంబర్లు వేసి, జాబితా తలుపు వెనక అంటించాను. "పదకొండో నంబరంటే ఏటిరా? మూతెత్తి సూస్తే పసుపో కారమో తెలిసిపోద్ది కదా" అనేది అప్ప. మూత ఎత్తి చూడడం శాస్త్రీయమైన పద్ధతి కాదని నేను ఓపిగ్గా చెప్పేవాణ్ణి.

బావ గూడ్సు గార్డు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఒక్క మచ్చ లేని మనిషి. అన్నం తినేటప్పుడు కూడా గడియారం చూసి మొదలుపెట్టేవాడు. అలాంటి మనిషి చేతుల మీదుగానే ఒక అపహరణ జరిగింది. మా వరసలో చివరి క్వార్టరు మెట్ల కింద ఒక కుక్క ఈని, రెండు కూనలతో కాపురముండేది. దానికి బావ టిఫిను క్యారియరులోని ఎండుచేపల కూరంటే ప్రాణం. ఒకనాడు ఆ వాసన వెంటపడి బండి చివరి బ్రేకువ్యానులోకి ఎక్కి, బల్ల కింద దూరింది. బండి కదిలాక గాని బావ చూడలేదు. చూశాక మాత్రం గార్డు డైరీలో టైముతో సహా రాసుకున్నాడు. కట్నీ దారిలోని కోటాలో బండి ఆగగానే అది దిగి, సంత జనంలో కలిసిపోయింది. మర్నాడు తిరుగు డ్యూటీలో బావ కోటా సంతంతా ఈలలు వేసుకుంటూ వెతికాడట. దొరకలేదు. ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా అరుగు మీద కూర్చుని, "తల్లిని నేనే ఎత్తుకుపోయానోయ్" అన్నాడు. అంత నిర్దోషమైన సర్వీసు మీద పడ్డ ఆ బరువు మోయలేకే కూనలు రెండింటినీ మా వరండాలోకి తెచ్చుకున్నాం.

అప్పటికి వాటికి మూడు వారాలుంటాయేమో. మగది గోధుమరంగు, గుండ్రంగా, బుడ్డిలా ఉండేది. ఆడది నల్లది, దాంట్లో సగం. నేను వాటికి అప్, డౌన్ అని పేర్లు పెట్టాను. "డౌనని పేరెడితే ఇంకది పైకెలగొస్తాదిరా?" అని అప్ప దాన్ని బుల్లి అనే పిలిచేది. అర్పా ఏటికి అవతలి పల్లెనుంచి మాకు పాలు తెచ్చే రావుతాయిన్ (గొల్లామె) రెండింటినీ చేతుల్లోకి తీసుకుని, బేరం చేసే మేకపిల్లల్లా తూకం చూసి, పెద్దదాని సంగతి బెంగ లేదంది. చిన్నదాని కడుపు నిమిరి, పుష్యమాసపు చలి ఈ పది రోజులూ దాటితే బతుకుతుంది, లేకపోతే లేదు అంది. బావ మొహం చిన్నబోయింది. "దాటాలి" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు. నేను మాత్రం నాకే అన్నాడనుకుని పెన్సిలు తీశాను.

మూడు రోజులు పరిశీలించి నేను తేల్చిన విషయాలివి. ఒకటి, పాలపళ్ళెం దగ్గర పెద్దది చిన్నదాని నెత్తికెక్కి మరీ తాగుతోంది. రెండు, ఎవరెంత తాగారో లెక్క తేలడం లేదు. మూడు, అప్ప వేళ కాని వేళ "పాపం" అంటూ పాలు పోసేస్తోంది (ఈ "పాపం" ఎంత పరిమాణమో రిజిస్టరులో రాయడానికి వీల్లేదు). నాలుగు, రెండూ ఒకే బుట్టలో ఒకదాని మీద ఒకటి పడుకుంటున్నాయి, అందువల్ల చిన్నదాని మీద అనవసరమైన లోడు పడుతోంది. ఈ నాలుగు జబ్బులకీ ఒకే మందు నాకు తట్టింది. కట్నీ వైపు ఒంటిలైను మీద బండ్లు నడిపే పద్ధతే ఆ మందు. రెండు స్టేషన్ల మధ్య ఒకే లైను ఉన్నప్పుడు ఒక్క బండే ఉండాలి. ఆ హక్కుకి గుర్తు డ్రైవరు చేతికిచ్చే బిళ్ళ. బిళ్ళ చేతిలో లేకుండా బండి కదిలిందా, ఉద్యోగం పోయినట్టే. ఇంత పటిష్ఠమైన ఏర్పాటు కుక్కపిల్లలకి ఎందుకు పనికిరాదు?

వరండా ఈ చివర ఒక చెక్కపెట్టె, ఆ చివర ఇంకో చెక్కపెట్టె పెట్టాను. ఒకదాంట్లో అప్, ఒకదాంట్లో డౌన్. మధ్యలో పళ్ళెం, దాని దగ్గరికి ఒక్కోసారి ఒక్క కూనే రావాలి. మూడు గంటలకోసారి పాలు. షెడ్డు తుక్కులోనుంచి ఒక ఇత్తడి బిళ్ళ తెచ్చి మేకుకి తగిలించాను. దాన్ని తీసి చేత్తో పట్టుకున్నవాళ్ళే పాలు పొయ్యాలి, పోశాక సంతకం పెట్టి మళ్ళీ మేకుకి తగిలించాలి. అప్ప నడుం మీద చెయ్యి పెట్టుకుని అంతా విని, "మీ అమ్మ నిన్ను కూడా ఇలగే పెంచీసుంటే బాగుణ్ణు" అంది. బావ మాత్రం కళ్ళద్దాలు పెట్టుకుని నా నిబంధనలు రెండుసార్లు చదివి, "అచ్ఛా! మూడో రూలులో, 'బిళ్ళ లేనిదే పాలు పొయ్యరాదు' అన్నదానికి ముందు 'ఎట్టి పరిస్థితిలోనూ' అని చేర్చు" అన్నాడు. చేర్చాను. ఆ రాత్రి కూనలు రెండూ చెరో చివరినుంచి ఏడ్చాయి. కొత్త పద్ధతి అలవాటు కావడానికి కొంత కాలం పడుతుందని రిజిస్టరులో రాశాను.

మూడోనాడు అప్ప పొద్దుటి బండికి బిల్హా వెళ్ళింది, ఆడపడుచు కొడుకు బారసాలకి. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "బుల్లి మెత్తబడిపోతంది సూడండి. మీ ఇద్దరికీ వదిలీసి ఎల్లడం నాకు బయ్యంగా ఉంది" అంది. "రెస్టులో నేనున్నాను కదా" అన్నాడు బావ. "అందుకే బయ్యం" అని అప్ప రిక్షా ఎక్కింది. నేను ఆరింటికి పాలు పోసి, సంతకం పెట్టి, షెడ్డు సైరను వినిపించేసరికి ఖంగారుగా పరుగెత్తాను. ఆ ఖంగారులో బిళ్ళ మేకుకి కాకుండా నా ప్యాంటు జేబులోకి వెళ్ళింది. ఒంటిలైను మీద ఇంతకు మించిన పాపం లేదు. బిళ్ళ డ్రైవరు జేబులో ఉండిపోతే అవతలి బండి ఉన్నచోటే నిలబడిపోవాలి.

తొమ్మిదింటికి బావ పాలు కాచి, మేకు వైపు చెయ్యి చాపాడు. మేకు ఉంది, బిళ్ళ లేదు. తరవాత జరిగింది ఆయన నోటే విన్నాను. ముందు మేకు కింద వెతికాడట, తరవాత డబ్బాల్లో, ఒకటోదానినుంచి ఇరవై రెండోదాని దాకా. మూడో రూలు ఇంకోసారి చదివాడట. అందులో ఎట్టి పరిస్థితిలోనూ అని ఉంది, ఆయనే చేర్పించాడు. పాలు మూత పెట్టి, రెండు పెట్టెలకీ ఎర్రగుడ్డలు కట్టి, కాగితం మీద రాశాడట: "బిళ్ళ పొరపాటున వెంట తీసుకుపోబడినది. రెండూ ఆకలితో నిలిచి ఉన్నవి. తక్షణం పంపవలెను." తనే తీసుకొద్దామంటే కాపలా లేకుండా బండిని వదలకూడదు. దారిన పోతున్న పాయింట్స్‌మన్ చేతికిచ్చాడు. పాయింట్స్‌మన్ క్యాబిన్లో ఇచ్చాడు. క్యాబిన్ వాళ్ళు స్టేషనుకి పంపారు. స్టేషనులో ఇది మా శాఖది కాదని ముద్ర వేసి లోకో ఆఫీసుకి పంపారు. నాకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర, కాగితం మీద నాలుగు ముద్రలు. "సెక్షను పేరు రాయలేదయ్యా, తిప్పి పంపాలా?" అని అడిగాడు మా హెడ్ క్లర్కు.

జేబులో చెయ్యి పెట్టాను. బిళ్ళ వేలికి తగిలింది. అయినా పరుగెత్తలేదు. ముందు గేటు పాసు ఫారం నింపాను, కారణం అన్నచోట "కుటుంబ విషయం" అని రాశాను. తరవాత పరుగెత్తాను.

వరండాలో బావ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. అప్ పెట్టెలోనుంచి గీపెడుతోంది. రెండో పెట్టెలోనుంచి చప్పుడు లేదు. "డౌన్ పన్నెండింటినుంచి శాంతించిందోయ్. క్రమశిక్షణ వస్తోంది" అన్నాడు బావ, కాస్త గర్వంగానే. నేను బిళ్ళ ఇచ్చాను. ఆయన అందుకోలేదు. "ముందు టైము వెయ్యి. సంతకం పెట్టు" అన్నాడు. మేమిద్దరం రిజిస్టరు మీద వంగి, మూడు గంటల రెండు నిమిషాలా మూడు నిమిషాలా అని రెండు గడియారాలు పోల్చి చూసుకుంటున్నాం. పెరటి తలుపులోనుంచి రావుతాయిన్ సాయంత్రం పాలతో వచ్చింది. చెంబు దించకుండానే చిన్నదాని పెట్టెలోకి తొంగిచూసి కేకేసింది.

"ఏ దే! జుడాగే హే!" (చల్లబడిపోయిందని.)

కూనని రెండు వేళ్ళతో ఎత్తితే మెడ వేలాడింది. బావ కుర్చీలోనుంచి లేచాడుగాని, ఎటు కదలాలో తెలీక అక్కడే నిలబడ్డాడు. ఆవిడ మమ్మల్ని పట్టించుకోలేదు. కొంగు విప్పి కూనని పొట్టకి ఆనించుకుని కట్టేసుకుంది. అవతలి పెట్టెలోనుంచి పెద్దదాన్ని లాగి దాని పక్కనే కొంగులోకి దోపింది. అది అరుపు మానేసి చెల్లెలి మెడ నాకడం మొదలుపెట్టింది. ఆవిడ అంగీఠీ కుంపటి ముందు చతికిలబడి, బొగ్గులు ఎగదోసి, "వత్తి తే బాబూ, దేవుడి దగ్గర వత్తి" అని హిందీలో పురమాయించింది. తెచ్చాను. గోరువెచ్చని పాలలో ముంచి దాని పెదవి చివర పిండింది. పాలు బయటికే కారిపోయాయి. మళ్ళీ పిండింది. "దూనో ఝన్ లా ఏకే సంగ్ రాఖథే బాబూ, గరమ్ బర్" అంది నా వైపు చూడకుండానే. ఇద్దర్నీ ఒక్కచోటే ఉంచుతారు బాబూ, వెచ్చదనానికి. మూడేళ్ళు ఆవిరి గురించి, ఉష్ణం గురించి, అది ఒక వస్తువునుంచి ఇంకో వస్తువుకి ఎలా పాకుతుందో పరీక్షలు రాసినవాణ్ణి నేను. బావ ఆవిడ పక్కనే నేల మీద కూర్చుని, "తల్లిని నేనే తీసుకుపోయాను, ఇప్పుడు పిల్లని కూడా" అని ఆగిపోయాడు. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. కొంగులోనుంచి ఒక నల్లని కాలు బయటికొచ్చి గాలిలో తన్నింది. తరవాత గొంతులో చిన్న గుటక. బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆయన గడియారం చూడని మొదటి సందర్భం అదే.

ఇంత జరిగాక ఏ మనిషైనా సిగ్గుపడి ఊరుకుంటాడు. మేం రైల్వేవాళ్ళం, విచారణ జరిపాం. మర్నాడు పొద్దున్నే బావ అధ్యక్షత వహించాడు, నేను నోట్సు రాశాను. బిళ్ళ వెంట తీసుకుపోవడం నా పొరపాటు, దాన్ని ఒప్పుకుని సంతకం చేశాను. పాలు పొయ్యకపోవడం బావ తప్పు కాదు, రూలు ప్రకారమే నడుచుకున్నాడు. ఎర్రగుడ్డ, కాగితం, కాపలా అన్నీ సక్రమంగా ఉన్నాయి. మరి రూలు ఎవరు తప్పారని జాబితా అంతా తిరగేస్తే ఒక్కరే తేలారు. బిళ్ళ చేత పట్టకుండా, సంతకం పెట్టకుండా, రెండింటినీ ఒకే సెక్షనులోకి తెచ్చి, వేళ కాని వేళ పాలు పోసింది రావుతాయిన్. అది రాసి ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సరిగ్గా అప్పుడే బిల్హానుంచి అప్ప దిగింది. విచారణ కాగితం నేనే చదివి వినిపించాను (ఎందుకు వినిపించానో ఈనాటికీ తెలీదు). ఆవిడ చివరిదాకా విని, రిజిస్టరు అందుకుని అంగీఠీలో పెట్టింది. "పాలు కాగడానికైనా పనికొచ్చింది" అంది. చెక్కపెట్టెలు కూడా అదే దారి పట్టాయి. కూనలు బుట్టలోకి వచ్చేశాయి, ఒకదాని మీద ఒకటి, అనవసరమైన లోడుతో సహా.

పుష్యమాసం దాటింది, బుల్లి బతికింది. నేనూ షెడ్డులోనే పైపైకి వెళ్ళి, నా కింద నలభైమంది పనిచేసే రోజులు చూశాను. ఆ నలభైమంది నన్ను చూసి ఎలా ఉండబోతారో నా అప్రెంటిసు రోజుల్లోనే బుల్లి నాకు చూపించింది గాని, అప్పటికి నాకంత బుద్ధి లేదు. రావుతాయిన్ గొంతు వీధి మలుపులో వినిపిస్తే చాలు, అన్నతో పోటీపడి గేటు దాకా దొర్లుకుంటూ వెళ్ళేది, ఆవిడ కాళ్ళ మధ్య పడి వెల్లకిలా పొర్లేది. నేను డ్యూటీనుంచి వస్తే మాత్రం ఎంత నిద్రలో ఉన్నా లేచి నిలబడేది. తోక కదిపేది కాదు, దగ్గరికి వచ్చేది కాదు, నేను లోపలికి వెళ్ళేదాకా అలాగే నిలబడి ఉండేది. అది చూసి ఆ ఇరవయ్యేళ్ళవాడు పెన్సిలు సర్దుకుని, డౌనుకి తనంటే ఎంత గౌరవమో అని మురిసిపోయేవాడు.