దుప్పటి వెనక ఆవిడ గోళ్లు

దయ్యాలను నమ్మేంత తీరిక నాకెప్పుడూ లేదు. పన్నెండేళ్లు ఐసీయూలో చేసిన నర్సుని. ఎంతమంది కళ్లు మూశానో లెక్కలేదు. వాళ్లలో ఒక్కరూ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. నన్ను పిరికిదాన్ని అనుకుంటారేమోనని ఈ మాట ముందే చెబుతున్నాను.

సౌదీలో కొండల మీదున్న అభా అనే ఊళ్లో ఒక ముసలావిడను ఇంట్లోనే ఉండి చూసుకోవడానికి కుదిరాను. ఇంట్లో అందరూ ఆవిడను మామా, అంటే అమ్మా, అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఊపిరితిత్తులు పాడై, ఎప్పుడూ ఆక్సిజన్ మీదే ఉండేవారు.

పక్క హాల్లో గోడకు ఒక పెద్ద ఆయిల్ పెయింటింగ్. మామా భర్త ఎప్పుడో యూరప్‌లో కొన్నారట. రెండున్నర శతాబ్దాల నాటి డచ్ చిత్రకారుడు వేసిందని, ఆ పద్ధతిని రొకోకో అంటారని మామా కూతురు చెప్పింది. బొమ్మలో ఒక దొరసాని: గులాబీ పట్టు గౌను, పౌడరు అద్దిన తెల్లజుట్టు, మోచేతుల దగ్గర లేసు కుచ్చులు, నవ్వీ నవ్వని మొహం. నేను మాత్రం ఒళ్లో పెట్టుకున్న ఆ చేతులే చూసేదాన్ని. ఎవరి చెయ్యి కనిపించినా ముందు నరం, తర్వాత గోళ్లు చూడడం మా నర్సుల జబ్బు.

ఇంట్లోవాళ్లు ఆ హాల్లోనే నమాజు చేసుకునేవారు. ఆ సమయంలో బొమ్మ కనపడకూడదని దాని మీద తెల్ల దుప్పటి కప్పేవారు. అయ్యాక తీయడం నా పని.

మామాకు గోరింటాకంటే ప్రాణం. చేతి గోళ్లూ కాలి గోళ్లూ ఎప్పుడూ ముదురెరుపే. దాంతో ఆక్సిజన్ తగ్గి గోళ్లు నీలం తిరిగినా తెలిసేది కాదు. వేలికి పెట్టే క్లిప్పు కూడా ఒక్కోసారి తప్పు చూపించేది. అందుకే గంటకోసారి కింది పెదవి లాగి, లోపలి రంగు చూసి చార్టులో రాయాలి.

ఒకరోజు సాయంత్రం అసర్ నమాజు తర్వాత దుప్పటి తీస్తే బొమ్మలో ఆవిడ గోళ్లు నీలంగా ఉన్నాయి. బయట మంచు కమ్మింది, వెలుతురులో తేడా అనుకున్నాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. నీలమే. వెంటనే మామా గదికి పరుగెత్తాను. ఆవిడ పెదవి లోపల అదే రంగు. ఆక్సిజన్ గొట్టం మంచం కోడు కింద నలిగిపోయి ఉంది.

ఇలాగే ఇంకో రెండుసార్లు బొమ్మ ముందుగా చెప్పింది. రెండుసార్లూ మామా బతికారు. ఇంటి డ్రైవరు, కడప మస్తాన్ భాయ్‌కి ఈ సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

“సూస్తే సూడు సిస్టరమ్మా. దాని మాట నమ్ముకోని మాత్రం కూసోవద్దు,” అన్నాడు.

నమ్ముకునే కూర్చున్నాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి. నిద్రపోతున్న మనిషిని లేపి పెదవి లాగాలంటే జాలేసేది. హాల్లోకెళ్లి గోళ్లు చూసి రావడం తేలిక.

ఒక మధ్యాహ్నం జుహర్ నమాజయ్యాక దుప్పటి తీశాను. గోళ్లు గులాబీ రంగులో ఉన్నాయి. అంత ఆరోగ్యంగా మునుపెన్నడూ లేవు. చార్టులో ఒంటిగంట గడిలో ‘పెదవి గులాబీ రంగు’ అని రాసేసి, పాలకొల్లులో ఉన్న మా అమ్మాయితో ఫోన్లో కబుర్లలో పడ్డాను.

రెండింటికి వెళ్లేసరికి మామా చెయ్యి చల్లబడిపోయింది. గొట్టం నలగలేదు, మిషను ఆగలేదు. ప్రాణం పోయి గంట దాటిందన్నాడు డాక్టరు.

పలకరింపుకు జనం వస్తారు, బొమ్మ కప్పమంది కూతురు. దుప్పటి పట్టుకుని వెళ్లాను. గోళ్లు అప్పుడు నీలంగా ఉన్నాయి. మొహంలో మాత్రం అదే నవ్వు.

చార్టు ఎవరూ అడగలేదు. కూతురు నా రెండు చేతులూ పట్టుకుని, మా అమ్మను కన్నబిడ్డలా చూసుకున్నావంది.

మొదటి మూడుసార్లు ఎందుకు కాపాడిందో, నాలుగోసారి ఎందుకు మోసం చేసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ ఒంటిగంట గడిలో రాత మాత్రం నాదే.