నడుమ చుక్క పెట్టని యంత్రం

నా చిన్నప్పుడు అమ్మవారే దిగి వచ్చి నా చేత యంత్రం గీయించిందని మా చుట్టాలు ఇప్పటికీ పెళ్లి పందిళ్లలో చెప్పుకుంటారు. నమ్మకండి. అమ్మవారికి వేరే పనుల్లేవా? గీసింది నేనే, అదీ పంతానికి.

మా నాయనమ్మ ప్రతి శుక్రవారం ఒక రాగిరేకు యంత్రానికి పూజ చేసేది. నన్ను ముట్టనిచ్చేది కాదు, నాకు చేతులు నిలవవట. నిలుస్తాయో లేదో చూపిస్తానని ఒక పొద్దున డబ్బాలోంచి గుప్పెడు పసుపు తీశాను. మా వాకిలి అప్పుడే అలికి తడిగా ఉంది కనుక ఎదురింటి గచ్చు మీద కూర్చున్నాను. ఒకదానిలో ఒకటి దూరిన రెండు త్రికోణాలు, చుట్టూ వలయం, దానికి ఎనిమిది తామర రేకులు, బయట నాలుగు వాకిళ్ల చదరం. ఇక నడుమ చుక్క పెట్టడమే తరువాయి అనగా ఎదురింటి గొళ్లెం చప్పుడైంది. ఒకటే పరుగు.

ఎదురింటి పెద్దమ్మది రైతుల పసుపు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి నడిపే ఇల్లు. తలుపు తీసి చూసి, "ఓ అమ్మో, చేతబడి!" అని వీధంతా లేపింది. అనుమానం వెతుక్కుంటూ దూరం పోలేదు. వాళ్ల వెనక గదిలో అద్దెకుండే అక్క మీదే పడింది. ముప్కాల్ నుంచి వచ్చి మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరేది, ఆదివారం చర్చికి పోయేది.

"దాని చేతులు చూడుండ్రి, ఎట్ల పచ్చగున్నయో!"

పసుపు సీజన్‌లో ఆర్మూర్‌లో చేతులు పచ్చగా లేనిదెవరికి? పెద్దమ్మ భర్తకైతే చెవులు కూడా పచ్చగానే ఉండేవి. ఆ మాట ఒక్కరూ అనలేదు.

"నాకు ప్రార్థన తప్ప గివేం తెల్వయి పెద్దమ్మా" అని అక్క ఏడుస్తోంది.

"గదంత నాకెర్క లేదు. గిప్పుడే గది ఖాళీ చెయ్యి."

అక్క చాప, గిన్నెలు, ట్రంకుపెట్టె వీధిలోకి వచ్చేస్తున్నాయి. నేను మా తలుపు వెనక చేతులు లంగాకు తుడుచుకుంటూ నిలబడ్డాను. నోరు పెగల్లేదు. నాకు నోరు పెగలకపోవడం అదే మొదలు, అదే ఆఖరు.

అంతలో మా నాయనమ్మ వచ్చింది. వంగి చూసి మూతి విరిచింది.

"చేతబడి లేదు, పాడు లేదు. ఎవతో తెలివిలేనిది గీసింది. ఏడే రేకులున్నయ్."

నాకు ఒళ్లు మండింది.

"త్రికోణం గూడ వంకరనే. గాడిద గీసినా గింతకంటె మంచిగుంటది."

"ఏడు కాదు, ఎనిమిది! లెక్కపెట్టు!" అని తలుపు దాటి అరిచేశాను.

వీధంతా నా వైపు తిరిగింది, నాయనమ్మ తప్ప. "ఔ, ఎనిమిదే" అంది తీరిగ్గా.

వీపు మీద ఒకటి పడింది. అక్క సామానంతా నాయనమ్మ నా చేతే లోపలికి మోయించింది. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. పైకి చూసే త్రికోణం శివుడు, కిందికి చూసేది శక్తి. ఏ ఒక్కటి చెరిపినా రెండోది ఉత్త గీతే. రేకులు విచ్చుకునే లోకం, చదరం మనం నిలబడ్డ నేల. నేలకు నాలుగు దిక్కులా వాకిళ్లెందుకని అడిగాను.

"వచ్చెటోళ్లు ఏ దిక్కుకెళ్లి వస్తరో మనకేమెర్క? మూసుకుంటె అది యంత్రం కాదు, డబ్బా."

చివరికి, అన్నీ పుట్టేది ఇక్కడే అంటూ నడుమ చుక్క నా చేతే పెట్టించింది. అప్పటికి పెద్దమ్మ కర్పూరం, కొబ్బరికాయ పట్టుకుని సిద్ధం. "బంగారు తల్లి! అమ్మవారే గీయించింది" అని నాకు దిష్టి తీసి మెటికలు విరిచింది. అక్క వైపు మాత్రం చూడలేదు.

ఇప్పటికీ ఎవరి మీదైనా నింద పడుతుంటే ముందు రేకులు లెక్కపెట్టుకుంటాను. నోరు మాత్రం ఆపుకోను. పెద్దమ్మ ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. కనబడినప్పుడల్లా ఒకే మాట అడుగుతాను, ఆమె నా చేతిలో కొబ్బరిముక్క పెట్టి లోపలికి పోతుంది. గీతలు అవే, పసుపు అదే. అక్క గీసిందనుకున్నంతసేపు చేతబడి, నేను గీశానని తెలియగానే అమ్మవారి మహిమ. మధ్యలో మారిందేంది, పెద్దమ్మా?