రాత్రికి బండి ఎక్కడుంటుంది?

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన తర్వాత వచ్చిన వేసవిలో నన్ను విజయవాడ ఆటోనగర్ షోరూమ్‌కు సేల్స్ మేనేజర్‌గా వేశారు. చిన్న సరుకు వాహనాల విభాగం. కార్లు అమ్మేవాళ్లు ఏసీ గదిలో కాఫీ ఇచ్చి అమ్ముతారు. మేం యార్డులో ఎండకు నిలబడి, బంపర్ మీద చెయ్యి కాల్చుకుంటూ అమ్మేవాళ్లం. నా కింద సేల్స్ ఎగ్జిక్యూటివ్‌లు, నా పైన జనరల్ మేనేజర్. నా ఉద్యోగంలో అదే ఆఖరి పోస్టు. ఇప్పుడు గుణదలలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటూ, తెల్లవారుజామున కింద రోడ్డు మీద వెళ్లే బండి చప్పుడును బట్టి అది లోడుతో వెళ్తోందా, ఖాళీగా వెళ్తోందా అని పోల్చుకుంటూ ఉంటాను. పెన్షన్ లేని ఉద్యోగంలో నాకు మిగిలిన విద్య అదే.

మా దగ్గర బాగా కదిలేవి రెండు రకాలు. ఒకటి మినీ ట్రక్కు. ముక్కు ఉండదు, ఇంజన్ సీటు కిందే ఉంటుంది, ముందు ఇద్దరే కూర్చోగలరు. రెండోది పికప్. దానికి ముక్కు ఉంటుంది, ముందు ముగ్గురు కూర్చోవచ్చు, బరువు దాదాపు రెట్టింపు మోస్తుంది. కొనవచ్చినవాళ్లలో ఎక్కువమంది పికప్ చుట్టూనే తిరిగేవారు. మన డెల్టాలో ఒక అలవాటుంది. ఏడాదికి రెండుసార్లు చెరువు పట్టుబడి చేస్తారు, అంటే నీళ్లు తగ్గించి చేపలన్నీ ఒకేసారి పట్టేస్తారు. ఆ రెండు రోజుల బరువును మనసులో పెట్టుకుని బండి కొంటారు. మిగతా రోజుల్లో ఆ బండి సగం ఖాళీతో తిరుగుతూ డీజిల్ తాగుతుంది. పెళ్లి గుండిగలో రోజూ పప్పు వండుకుంటారా అని నేను అడిగేవాణ్ని. నవ్వేవారు, పికప్పే కొనేవారు. కొన్నాక మాత్రం ఫ్లోర్ మ్యాట్లు ఉచితంగా ఇమ్మని గంట కూర్చునేవారు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం అంటే అదే.

ఆ వేసవిలోనే నాంచారమ్మ, ఆమె భర్త ఏడుకొండలు వచ్చారు. ఊరు మండవల్లి దగ్గర. ఆమె తెల్లవారేసరికి చెరువుల దగ్గర శీలావతి, బొచ్చె చేపలు కొని, ఐసు వేసిన ట్రేలలో విజయవాడ తెచ్చి, గవర్నర్‌పేట లోపలి వీధుల్లో హోటళ్లకూ మెస్సులకూ వేసేది. అంతవరకూ అద్దె బండ్ల మీదే వ్యాపారం నడిపింది. ఏడుకొండలు చేపల లారీ డ్రైవర్. పెళ్లికి ముందు నుంచీ కోల్‌కతా దగ్గరి హౌరా లైను మీదే. వెళ్తే వారం, వస్తే ఒక పూట అన్నట్టుండేది ఆయన ఉద్యోగం. సొంత బండి కొనుక్కుని ఆయన డ్రైవర్ పని మానేయాలని ఇద్దరూ నిశ్చయించుకున్నారు. ఏ బండి అన్న దగ్గరే ఇద్దరికీ కుదరలేదు. ఆయనకు పికప్ కావాలి. ఆమెకు మినీ ట్రక్కు కావాలి.

ఎందుకమ్మా అని అడిగితే ఆమె వేళ్లు మడిచి చెప్పింది. గవర్నర్‌పేట సందుల్లో తిరగాలి, మైలేజీ రావాలి, ట్రేలు ఎత్తిపెట్టడానికి బాడీ ఎత్తు తక్కువగా ఉండాలి. అన్నీ సబబైన కారణాలే. అందులో అసలు కారణం లేదని ఆ రోజు నాకు తెలియలేదు.

ఇలాంటి పేచీలకు మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. దాన్ని లోడ్ ట్రయల్ అంటాం. ఖాళీ బండిలో షోరూమ్ చుట్టూ ఒక రౌండు తిప్పి చూపిస్తే ఏ బండైనా బాగానే ఉంటుంది. అందుకని కొనేవాళ్ల సరుకే వేసి, వాళ్ల దారిలోనే, వాళ్ల చేతే నడిపించాలి. ఒక రోజు పికప్, మరుసటి రోజు మినీ ట్రక్కు అనుకున్నాం.

మొదటి రోజు పికప్‌లో ముగ్గురం ముందే కూర్చున్నాం. స్టీరింగ్ దగ్గర ఏడుకొండలు, మధ్యలో నాంచారమ్మ, కిటికీ పక్కన నేను. చెరువు గట్టు మీద ఆయన నడుపుతుంటే నాకు ముచ్చటేసింది. గట్టు అంచు మట్టి ఎంత మెత్తగా ఉందో చక్రం దిగకముందే ఆయనకు తెలిసిపోతోంది. గట్లమీద ఒక మర్యాద ఉంది. రెండు బండ్లు ఎదురైతే ఖాళీ బండి వెనక్కి వెళ్లాలి, లోడు బండి ముందుకు రావాలి. ఎదురొచ్చిన ఖాళీ ట్రాలీ ఆటోవాడు మమ్మల్ని చూసి, చెప్పకుండానే వెనక్కి వెళ్లిపోయాడు. ఏడుకొండలు హుందాగా చెయ్యి ఊపాడు. గుడివాడ దాటి కంకిపాడు రోడ్డెక్కాక పికప్ నిజంగానే బాగా పరుగెత్తింది. బరువు మోసే కమాన్ కట్టలు గట్టివి, బ్రేకు నమ్మకమైనది, లోడున్నట్టే తెలియలేదు. దారి పొడవునా నేను గేర్ల గురించీ సర్వీసు గురించీ చెబుతూనే ఉన్నాను. ఆయన ఊకొడుతూనే ఉన్నాడు. నాంచారమ్మ మాత్రం మా ఇద్దరి మధ్య మాట్లాడకుండా కూర్చుంది.

గవర్నర్‌పేటలో పికప్ పరువు పోయింది. మొదటి సందులోకి ఒక్క ఊపులో తిరగలేదు. ముందుకూ వెనక్కూ ఆడేసరికి వెనకాల ఆటోలు, స్కూటర్లు నిలిచిపోయి హారన్ల మోత. రెండో సందులోకి అసలు వెళ్లనే లేదు. రోడ్డు మీదే ఆపి ట్రేలు మోసుకెళ్లాల్సి వచ్చింది. ఏడుకొండలు దిగి, బానెట్ మీద చెయ్యి వేసి, “అలవాటైతే తిరుగుద్దండీ,” అన్నాడు. తిరగదని ఆయనకూ తెలుసు.

రెండో రోజు మినీ ట్రక్కు. ముందు రెండే సీట్లు కాబట్టి నాకు చోటు లేదు. వాళ్లిద్దరినీ అందులో ఎక్కించి, నేను పికప్ తీసుకుని వెనకాలే వెళ్లాను. అక్కడ నేను చూసింది ఇప్పటికీ నా కళ్ల ముందుంది. క్యాబిన్ వెనక అద్దంలోంచి నాంచారమ్మ చెయ్యి కనిపిస్తోంది. గాజుల చెయ్యి. అది ఒక్క నిమిషం కుదురుగా లేదు. ఆమె మాట్లాడుతోంది. చెయ్యి తిప్పుతోంది, ఎవరినో అనుకరిస్తోంది, తల కొట్టుకుంటోంది. ఆయన నవ్వుతున్నాడు. గట్టు మీద ఈసారి లోడుతో చేపల మేత లారీ ఎదురైంది. వీళ్లింకా చేపలు ఎక్కించుకోలేదు కాబట్టి మర్యాద ప్రకారం వెనక్కి రావాలి. మోటారు షెడ్డు పక్కనున్న కాస్త జాగాలోకి ఆయన బండిని అలవోకగా దూర్చేశాడు. పికప్‌తో ఉన్న నేను మాత్రం గట్టు మొదటిదాకా రివర్సులో పోవాల్సి వచ్చింది. అంత దూరం రివర్సు చేసి మెడ పట్టేసింది. అయినా మళ్లీ వాళ్ల వెనక చేరాక అద్దంలో ఆ చెయ్యినే చూస్తూ వెళ్లాను.

గవర్నర్‌పేట చేరాక దిగారు. బండి ఎలా ఉందని అడిగాను. కంకిపాడు రోడ్డు మీద లోడుతో టాప్ గేర్‌లో ఎంత లాగిందన్నాను. డ్రైవింగే ప్రాణమైన మనిషి తెల్లమొహం వేశాడు.

“చూడలేదండీ,” అన్నాడు. “ఈవిడ చెప్పేది వింటన్నా.”

సీటు కింద ఇంజన్ వేడి తగల్లేదా అని ఆమెను అడిగాను. పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉందనీ, అది తనకు అలవాటేననీ అంది.

సాయంత్రం ఆఫీసులో కూర్చున్నాం. ఏ బండి అనేది తేలకుండానే లోను దరఖాస్తు మొదలుపెట్టాం, ఎందుకంటే ఆ వివరాలు ఏ బండికైనా ఒకటే. ఫైనాన్స్ వాళ్ల తరఫున మేం తప్పనిసరిగా అడిగే ప్రశ్న ఒకటుంది. రాత్రిపూట బండి ఎక్కడ పెడతారు? తనిఖీకి వచ్చినవాడికి బండి కనబడాలి కదా, అందుకని. వేల సార్లు అడిగిన ప్రశ్న. తల ఎత్తకుండానే అడిగాను.

“మా గేటు ముందే,” అంది నాంచారమ్మ.

“బండి అన్నాక రోడ్డు మీదుంటదండీ,” అన్నాడు ఏడుకొండలు అదే క్షణంలో.

అప్పుడు తల ఎత్తాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఏడుకొండలు లెక్క నాకు అర్థమైంది. పికప్ ఉంటే ఉదయం గవర్నర్‌పేట సరుకు దింపి, రాత్రికి హైదరాబాద్ లోడు కొట్టొచ్చు. లోకల్ తిరుగుడు ఒక్కటే అయితే పికప్ గిట్టదు, అది ఎవరైనా చెప్పే మాటే. అంటే పికప్ కొంటే ఆయన మళ్లీ రోడ్డెక్కుతాడు. సొంత బండి అనే తేడా తప్ప ఇంకే తేడా ఉండదు.

“ఇదిగో, అందుకేనండీ నేను చిన్న బండి అంటంది,” అంది ఆమె. నాతోనే అంది గానీ చూపు ఆయన మీదే ఉంది. “ఈయనకి వేడన్నం పెట్టిన రోజులన్నీ నాకు గుర్తున్నాయండీ. గుర్తున్నాయంటేనే ఎన్ని తక్కువో చూడండి. మనిషి కావాలని అడగడానికి సిగ్గేసి సందులనీ, మైలేజీ అనీ చెప్పా. మళ్లీ రోడ్డు మీద పడేసే బండి నాకెందుకండీ?”

ఏడుకొండలు టేబులు మీద పేపర్ వెయిట్ ఒకసారి తిప్పి ఆపాడు. నన్ను అడిగాడు.

“మీరే చెప్పండి సార్. ఏది మంచి బండి?”

నెలాఖరు. యార్డులో పికప్‌లు వరసగా ఎండుతున్నాయి. ముందు వాటిని కదిలించమని జనరల్ మేనేజర్ పొద్దున్నే చెప్పి ఉన్నాడు. అయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే కదా నాకు జీతమిచ్చేది. పికప్ మంచి బండి అన్నాను. ఆ మాట అనేసరికి ఆయన మొహం వెలిగింది. కానీ మీ పనికి మినీ ట్రక్కే మంచిదన్నాను. రోజూ వెళ్లేది ఒకే దారి, దాదాపు ఒకే బరువు, తిరగాల్సింది ఇరుకు సందులు, ఎత్తాల్సింది ఆవిడ. ఇందులో పికప్ బలం ఎక్కడా వాడుకలోకి రాదు. చేపల నీళ్లకు బాడీ అడుగు ఏ బండికైనా తుప్పు పడుతుంది, పెద్ద బాడీకి ఎక్కువ తుప్పు. పట్టుబడి రోజుల్లో కావాలంటే పెద్ద బండి అద్దెకు దొరుకుతుంది.

ఆయన తల ఊపాడు. తర్వాత ఒక్క మాటే అన్నాడు. “చిలికా సరస్సు పక్కన తెల్లారుద్దండీ, మా లైన్లో. ఎడం పక్కో కుడి పక్కో ఎర్రగా నీళ్లు. ఆ టయానికి చేతిలో స్టీరింగ్ ఉండాలండీ.”

నేను దరఖాస్తులో మినీ ట్రక్కు అని రాశాను. ఆయన మాట అర్థం కాక కాదు, బాగా అర్థమయ్యే.

డెలివరీ రోజున చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టాక ఏడుకొండలు నన్ను పక్కకు పిలిచాడు. లారీకి పెట్టే గాలి హారన్ దీనికి పెట్టించవచ్చా అని అడిగాడు. అది పెడితే బండి హారన్‌ను మోయదు, హారనే బండిని మోయాలని నేను నవ్వించబోయాను. పైగా రూల్సు ఒప్పుకోవన్నాను. ఆయన నవ్వలేదు. కంపెనీ హారన్ ఒకసారి నొక్కి చూశాడు. పీక నొక్కినట్టు సన్నగా మోగింది. నాంచారమ్మ వెళ్లి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

ఆ తర్వాత రెండేళ్లకు రిటైరయ్యాను. ఉద్యోగమంతా రోజుకొక బండి నడిపినవాణ్ని, ఇంటికొచ్చాక స్కూటర్ మీద కూరగాయలకు వెళ్లడం తప్ప నాకు ప్రయాణం లేదు. చూపు కొంచెం తగ్గింది, ఇంట్లోవాళ్లు కారు తియ్యనివ్వరు. లోడు బండి గట్టెక్కేటప్పుడు స్టీరింగ్ చేతికిచ్చే ఆ చిన్న అదురు కోసం ఇప్పటికీ అరచేతులు ఎదురుచూస్తాయి.

ఈ మధ్య ఒక ఆదివారం ఏలూరు నుంచి బస్సులో వస్తూ హనుమాన్ జంక్షన్‌లో టీకి దిగాను. హైవే పక్కన, టీ కొట్టుకు కాస్త అవతల, ఒక మినీ ట్రక్కు ఆగి ఉంది. శుభ్రంగా కడిగి ఉంది. ముందు సీట్లలో ఇద్దరున్నారు. గాజుల చెయ్యి చూసి గుర్తుపట్టాను.

దగ్గరికి వెళ్తే ఇద్దరూ దిగబోయారు, వద్దన్నాను. నాంచారమ్మ ఒడిలో అన్నం క్యారియర్ ఉంది. బండి బాగుందా అని అడిగితే, రోజూ గవర్నర్‌పేట వెళ్తుందనీ, పొద్దు కుంకేసరికి గేటు ముందుంటుందనీ చెప్పింది. ఇక్కడేం చేస్తున్నారంటే ఆమె భర్త వైపు చూసింది.

“హౌరా లారీలు చూడ్డానికండీ,” అంది. “ఈయనకి లోపల్లోపల బెంగ. పైకి చెప్పడు. ఆదివారం ఆదివారం నేనే తీసుకొస్తన్నా. నాకు కావాల్సింది నాకొచ్చింది కదండీ, మరి ఈయనకి కావాల్సిందాని సంగతి ఎవరు చూడాలి?”

ఏడుకొండలు స్టీరింగ్ మీద చేతులు వేసి ఉన్నాడు. రోడ్డు వైపే చూస్తున్నాడు. కాసేపటికి తార్పాలిన్ కట్టిన చేపల లారీ ఒకటి వచ్చింది. డ్రైవర్ పాత పరిచయస్తుడు కాబోలు, వీళ్లను దూరం నుంచే పోల్చి గాలి హారన్ ఊదాడు. జంక్షన్ అంతా దద్దరిల్లింది. ఏడుకొండలు తన హారన్ నొక్కాడు. సన్నగా, లారీ కనుమరుగయ్యేదాకా చెయ్యి తియ్యకుండా నొక్కాడు. నాంచారమ్మ క్యారియర్ మూత తీసి అన్నం కలపడం మొదలుపెట్టింది. నేనూ అక్కడే నిలబడిపోయాను. ఈలోగా నా బస్సు వెళ్లిపోయింది.

నేను పనిచేసిన షోరూమ్‌లన్నిటిలో రెండు బండ్లనూ పోల్చి చూపే అట్ట ఒకటి ఉండేది. బరువు, మైలేజీ, మలుపు తిరగడానికి కావాల్సిన చోటు, సీట్లు, టైర్లు, అన్నీ అందులో ఉండేవి. దాన్ని చాలా ఏళ్లు చదివి వినిపించాను, అందులో తప్పేమీ లేదు. బండి ఎంత మోస్తుందో చెప్పడం మా పని. దాన్ని కొనడానికి ఏ ఇష్టాన్ని ఇంటి గేటు ముందు దింపేసి రావాలో కొనేవాళ్లే తేల్చుకోవాలి. ఏదీ దింపకుండా నడిచే బండిని నా ఉద్యోగంలో నేను అమ్మలేదు.