పైపు మీది వంటిల్లు

ఈ ఏడు వానలకు మా గల్లీలో నీళ్లు నిలవలేదు. ఈ బట్టల మిల్లుల పేట ఉధ్నాలో ఇంత వాన పడితే వెనకటి రోజుల్లో మురికినీళ్లు గడపలు దాటి వచ్చేవి, చెప్పులు, చెంబులు తేలేవి. మొన్న మాత్రం వాన వెలిసిన కాసేపటికే నేల కనిపించింది, ఇరుగుపొరుగు వాళ్లు గుమ్మాల్లో నిలబడి సంబరపడ్డారు. నేనూ సంబరపడాల్సిన మనిషినే. మా వెనక తలుపు వైపు చూసేసరికి మాత్రం గుండె చెరువైంది.

కరీంనగర్ వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చి ఇక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన నా ఈడు వాళ్లకు తెలుసు, కిరాయి గదిలోంచి సొంత ఇంట్లోకి మారడమంటే మనకు ఎంత పండగో. ఆ పండగకు ఊరి నుంచి వచ్చిన మా అమ్మ ఇల్లంతా కలయదిరిగి, ముందు గదిలో పొయ్యి చూసి మొహం మాడ్చుకుంది. "పొయ్యి ఆగ్నేయంల ఉండాలె కొడుకా, గిట్ల నట్టింట్ల పెడ్తరా?" అని అన్నం ముట్టలేదు. ఆ మూల ఎక్కడా అని చూస్తే మా గోడ అవతల, వెనక సందులో తేలింది.

ఆ సందు ఎవరి సొంతమూ కాదు. మా వరుస ఇళ్ల మురుగు పైపుకూ కరెంటు తీగలకూ వదిలిన జాగా, అక్కడ పక్కా కట్టడం లేపకూడదనీ, పైపు మూత ఎప్పుడంటే అప్పుడు తెరవడానికి వీలుండాలనీ నగరపాలిక నియమం. మా వరుస వాళ్లందరూ బట్టలుతికే బండో, రేకుల చాటో వేసుకుని ఊరుకున్నారు, మేము మాత్రం అమ్మ మాట దాటలేక గోడలు లేపాము, మురుగు మూత కళ్లెదుట ఉంటే అన్నం ఎలా వండుతారని దాని మీద షాబాదు బండలు పరిపించి, పసుపు కుంకుమ పెట్టి పాలు పొంగించాము. అమ్మ తృప్తిగా ఊరు వెళ్లిపోయింది.

ఆ వంటిల్లు మా ఇంటామె రాజ్యమైంది. పొద్దున షిఫ్టుకు పోయే వాళ్లు ఆ కిటికీ దగ్గర ఆగి చాయ్ తాగందే కదిలేవాళ్లు కాదు, ఊరి నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు ఆమె చేతి జొన్నరొట్టె తిని ఇంటి మీద బెంగ తీర్చుకునేవాళ్లు. తర్వాత కళ్లకు నీటికాసుల జబ్బు వచ్చి ఆమె చూపు మెల్లమెల్లగా పోయింది. సాంచాల చప్పుడుకు నా చెవులు అప్పటికే సగం పోయాయి కనుక, మీరిద్దరూ కలిస్తేనే ఒక మనిషి అని కోడలు ఆటపట్టించేది. ఇల్లంతా ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని నడిచే మనిషి, వెనక గడప దాటిందంటే చాలు, అరికాళ్లతో బండల సందులు తడుముకుంటూ పొయ్యి దగ్గరికి, నీళ్ల బిందె దగ్గరికి, ఉప్పు డబ్బా దగ్గరికి చకచకా తిరిగేది. సాయం పోతే కసురుకునేది.

పోయిన వేసవిలో నగరపాలిక నుంచి ఒక కుర్ర అధికారి వచ్చాడు. గల్లీ మునగడానికి కారణం మా బండల కింద చిక్కుకున్న మూతేనని చూపించి, పైపు మీద ఏదీ ఉండటానికి వీల్లేదని మర్యాదగానే చెప్పాడు. ఆమె చుక్క ఒలకకుండా నింపి ఇచ్చిన గ్లాసును రెండు చేతులా అందుకుని చాయ్ తాగాడు. అయినా నియమం నియమమే. కొన్నాళ్లకు యంత్రం వచ్చింది. అతని మీద నాకు కోపం లేదు, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియకపోవడమే నా బాధ.

గోడలు కూలుతున్నంతసేపూ ఆమె మంచం మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. పగలని బండలు కొన్ని ఏరి, ముందు గదిలో కొత్త పొయ్యి కింద మా కొడుకు చేత పరిపించాను. ఆమెను నడిపించుకొచ్చి వాటి మీద నిలబెట్టాను. కాలి బొటనవేలితో అటూ ఇటూ తడిమి చూసి, "బండలు మనయే గని, తోవ మనది గాదు" అంది. మళ్లీ మంచం దగ్గరికి తీసుకుపొమ్మని చెయ్యి చాపింది.

ఇప్పుడు పైపు మూత మీద ఏ అడ్డూ లేదు, మనుషులు వచ్చి తెరిచి శుభ్రం చేసి పోతారు, గల్లీ పొడిగా ఉంటుంది. జరగాల్సిందే జరిగింది, వెనక్కి తెమ్మని అడిగే నోరు నాకు లేదు. వెనక తలుపుకు మాత్రం తాళం వేశాము, ఒకనాడు ఆ మూత తెరిచి ఉండగా మరిచిపోయి అలవాటు కొద్దీ ఆ గడప దాటబోయింది గనుక. ఊరందరికీ చాయ్ పోసిన మనిషి ఇప్పుడు పొద్దున్నే లేచి, ఎవరైనా గ్లాసు తెచ్చి చేతిలో పెడతారేమోనని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది.