భానుమూర్తి గారు కట్టించిన గోడలు

మొన్న ఫిల్మ్‌నగర్ ఎత్తు దిగుతుంటే రోడ్డు పక్కన షూటింగ్ తగిలింది. కెమెరా బండికి పట్టాలు పరుస్తున్నారు. దగ్గరికి వెళ్ళేసరికి కొత్త చక్రాల వాసన వచ్చింది, కొత్త చెప్పుల దుకాణంలో వచ్చే వాసనే. ఆ వాసనకు నాకు భానుమూర్తి గారు గుర్తొస్తారు. గుర్తొచ్చిన మరుక్షణం ఆయన మీద కోపమూ వస్తుంది. ఆయనే ఉండి ఉంటే ఈ వారపు తలనొప్పి ఆయనకే అప్పజెప్పేదాన్ని. సినిమా లైట్లు తయారుచేసే చిన్న కార్ఖానాలవాళ్ళు ఊరి బయట కట్టబోయే పారిశ్రామిక పార్కుకు తరలిపోవాలా వద్దా అన్నది నేను తేల్చి చెప్పాలి. నా మాట నమ్మి వాళ్ళు సామాను సర్దుకుంటారు. నాకేమో ఏదీ తేలడం లేదు.

జూబ్లీహిల్స్‌లో ఒక అద్దె ఇంట్లో మా పరిశోధన కేంద్రం ఉండేది. భానుమూర్తి గారు దానికి పెద్ద. గోదావరి జిల్లా మనిషి, యంత్రాల చదువు చదివినవారు. షేక్‌పేటలో పుట్టి పెరిగిన నాకు అది మొదటి ఉద్యోగం. ఒకే రకం వస్తువు చేసేవాళ్ళందరినీ ఒకచోట చేర్చి, మధ్యలో ఒక మంచి ప్రయోగశాల పెడితే దేశం తనంతట తానే లేచి నిలబడుతుందని ఆయన నమ్మకం. "ఇన్ని సినిమాలు తీసే ఊళ్ళో కెమెరా బండి చక్రం విదేశాల నుంచి రావడమేంటండీ? సిగ్గుగా లేదూ?" అని వచ్చినవాళ్ళనల్లా నిలదీసేవారు, ఆ చక్రాన్ని వాళ్ళే దిగుమతి చేసినట్టు. మాటలన్నీ తర్వాత డబ్బింగ్‌లో చెప్పించుకునే రోజుల్లో బండి కిర్రుమన్నా ఎవరికీ పట్టలేదు. అప్పుడప్పుడే వెబ్ సిరీస్‌లకు అక్కడికక్కడే మాట రికార్డు చేయడం మొదలైంది, బండి కిర్రుమంటే షాట్ మళ్ళీ తీయాల్సిందే. మన చక్రం చప్పుడు చేసేది, విదేశాలది చేసేది కాదు. ఆయన బాధంతా అదే. అంత గట్టి నమ్మకం ఉన్న మనిషి మిగతా విషయాల్లో పొద్దున ఔనన్నది మధ్యాహ్నానికి కాదనేవారు. గోడ మీద పిల్లి అని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

షేక్‌పేట వైపు దిగే సందులో కెమెరా బండ్లు చేసేవాళ్ళు పక్కపక్కనే ఉండేవారు. వాళ్ళలో యాదగిరి ఒకరు. మేం మొదటిసారి వెళ్ళిన రోజు మా వెనకాలే ఎదురు కార్ఖానా ఆయన లోపలికి వచ్చాడు. ఆయన నీడ గడపలో పడిందో లేదో, యాదగిరి సగం చేసిన బండి మీద గోనెసంచి కప్పేశాడు. వచ్చినాయన పైపు వంచే మిషన్ అడిగితే మాత్రం ఒక చెయ్యి తనూ వేసి వీధి దాటించి వచ్చాడు.

భానుమూర్తి గారు తెల్లబోయారు. "బండి దాచారు, మిషన్ ఇచ్చారు. ఇదేంటండీ?"

"పని దాస్తం సార్, పానా ఎట్ల దాస్తం? రేపు నాకు గావాల్నంటె యాడికి పోవాలె?" అన్నాడు యాదగిరి.

దారంతా ఆయన అదే మాట తిరగేసుకుంటూ వచ్చారు. "ఆ గోనెసంచి ఒక్కటి తీయించగలిగితే చాలు సునీతా, మన బండ్లు ప్రపంచమంతా తిరుగుతాయి" అన్నారు. ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో, ఎట్టకేలకు కెమెరా బండ్లవాళ్ళకు ఊరి బయట ఒక పార్కు మంజూరైంది. యాదగిరి ఒక్కడే చివరిదాకా ఊగిసలాడాడు. "మీరు పొమ్మంటె పోత సార్" అన్నాడు ఒకనాడు మా ఆఫీసుకు వచ్చి. "వెళ్ళండి, నేనున్నానుగా" అన్నారు ఈయన. ఆ మాటను మాత్రం మధ్యాహ్నానికి మార్చుకోలేదు.

చప్పుడు చేయని చక్రం సాధించారు. అందులో అబద్ధం లేదు. పార్కులోని ప్రయోగశాలలో మొదటిసారి బండిని పట్టాల మీద తోసినప్పుడు ఆయన తెల్లచొక్కాతోనే నేల మీద పడుకుని పట్టాకు చెవి ఆనించారు. లేచి, "ఏమీ వినపడలేదమ్మా" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. చెన్నై నుంచీ ముంబై నుంచీ ఆర్డర్లు వచ్చాయి. ముగ్గురు నలుగురు బాగా ఎదిగారు, కొత్తగా చాలామందికి పని దొరికింది. అందరికీ ఒకే చక్రం తెలుసు గనుక గోనెసంచులతో పనే లేకపోయింది. కానీ ఎవరి షెడ్డు చుట్టూ వారికి ప్రహరీ గోడ, గేటు, గేటుకో వాచ్‌మన్. పానాయో మిషనో కావాలంటే ముందు వాచ్‌మన్‌కు చెప్పుకోవాలి. అడగడం తగ్గింది, కొన్నాళ్ళకు మానేశారు. యాదగిరి సంసారం సగం రిపేర్ల మీదే నడిచేది. షూటింగ్‌లో బండి మొరాయిస్తే సందులోంచి ఫిల్మ్‌నగర్ ఎత్తు పరుగున ఎక్కి వెళ్ళి బాగుచేసేవాడు. పార్కు నుంచి వచ్చేసరికి వాళ్ళు వేరే బండి తెప్పించుకునేవారు. చివరికి షెడ్డుకు తాళం వేసి, షేక్‌పేటలో ఒక షట్టర్ కిరాయికి తీసుకున్నాడు. సొంతంగా బండ్లు చేసిన మనిషి ఇప్పుడు ఇంకొకరి చక్రాలు బిగిస్తున్నాడు.

భానుమూర్తి గారు రిటైరయ్యాక ఒకసారి ఆయన్ను అక్కడికి తీసుకెళ్ళాను. యాదగిరి తిడతాడనుకున్నాను. స్టూలు తుడిచి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించాడు.

"గాడ మిషన్లు మంచిగనే ఉన్నయి సార్. పలకరించెతందుకు మనిషే దొర్కడు" అన్నాడు, అంతే.

బయటికి వచ్చాక ఉండబట్టలేక అడిగేశాను. "సార్, మనం మంచి చేసినమా, చెడు చేసినమా?"

"తెలియదమ్మా."

"ఇన్నేండ్లు చేసి తెల్వదంటే ఎట్ల సార్?"

ఆయన కారు తలుపు తీసి, మళ్ళీ మూశారు. "నేనున్నానుగా అన్నాను. ఎక్కడున్నాను? జూబ్లీహిల్స్‌లో ఉన్నాను. వారానికోసారి వెళ్ళి, టీ తాగి వచ్చాను. ఆ గోడలు నాకు ప్లాన్‌లో తెలుసు, యాదగిరికి పొద్దున్నే లేస్తే తెలుసు. నేనెలా చెప్పను?"

అది జవాబు కాదని ఆ రోజు చిరాకుపడ్డాను. తప్పించుకుంటున్నారనే అనుకున్నాను. మరుసటి ఏడు ఆయన పోయారు. ఆయన కుర్చీ అప్పటికే నాకు వచ్చింది. ఆ బండ్ల పార్కును పొగిడేవాళ్ళు వస్తే యాదగిరి మాట చెబుతాను, తిట్టేవాళ్ళు వస్తే చక్రం మాట చెబుతాను. ఇప్పుడు మా ఆఫీసులో చాటుగా నన్నేమంటున్నారో ఊహించగలను.

నిన్న లైట్లవాళ్ళందరినీ కూర్చోబెట్టి రెండూ చెప్పాను. ఎదిగినవాళ్ళ సంగతి, తాళం పడ్డ షెడ్డు సంగతి. ఏది ఎక్కువో నాకు తెలియదని కూడా చెప్పాను. కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లైట్ స్టాండ్లు చేసే పద్మక్క వెనక వరుసలోంచి లేచింది.

"గదంత సరే మేడం. మీ ఆఫీసు గాడికొస్తదా? మీరొస్తరా?"

హాలంతా నా వైపు తిరిగింది. మా ఇల్లు, పక్క వీధిలో అమ్మ, పిల్లల బడి, అన్నీ షేక్‌పేటలోనే. ఆలోచించి చెబుతానంటే సరిపోయేది. భానుమూర్తి గారి నుంచి నేర్చుకున్నది ఇదేనా, లేక ఆయన మీది కోపమే నాతో అనిపించిందా, ఇప్పటికీ అర్థం కావడం లేదు.

"వస్త పద్మక్కా" అన్నాను.

ఇంట్లో ఇంకా చెప్పలేదు.